నూట తొంభై మస్టర్ల ఫిర్యాదు

పౌరహక్కుల పురోగతి సంస్థకు ఇరవై అయిదేళ్ళు నిండాయనీ, ఆగస్టు ఇరవై ఎనిమిదిన మంత్రిగారు స్వయంగా వచ్చి సంస్థ చరిత్ర పుస్తకాన్ని విడుదల చేస్తారనీ గోదావరిఖని అంతటా ఆటోలు తిరిగి చాటాయి. "నాలుగు వేల నూట పన్నెండు ఫిర్యాదులు! అందులో ఒక్కటంటే ఒక్కటి కూడా తిరస్కరించని ఏకైక సంస్థ!" అని మైకు మా సందులోకి వచ్చేసరికి, మా అత్త సారవ్వ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తింది.

"తిరస్కరించలేదు, మంచిదే. మరి తీర్చినయెన్నంట?"

"అది చెప్పలేదత్తా."

"మైకు ఖరాబైనట్టున్నది" అని ఆమె మళ్ళీ బియ్యంలోని రాళ్ళ మీద పడింది.

ఆ సభ జరిగిపోయింది. దాని మీద పేపర్ల వాళ్ళు తలా ఒక తీరు రాశారు. నేను ఆ సంస్థ బెంచీ మీద దాదాపు ఎనిమిది నెలలు కూర్చున్నదాన్ని. అంత గొప్ప సంస్థ గురించి తప్పుడు మాటలు ప్రచారం కావడం నాకు ఇష్టం లేదు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

సంస్థ చైర్మన్ నర్సింగం గారు. మొదటి చైర్మన్ ఆయనే, ఇప్పటి చైర్మన్ కూడా ఆయనే. ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఆయన ఆ పార్టీలోనే దొరుకుతాడు కాబట్టి ఆయన్ని మార్చే అవసరం ఎవరికీ రాలేదు. అంతకు ముందు ఆయన బొగ్గుబావుల కంపెనీలో, కార్మికుల హాజరు, సెలవులు, చార్జిషీట్లు చూసే ఆఫీసులో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. సంస్థ పెట్టిన కొత్తలో "మీ నిబంధనలు మీరే తయారుచేసుకొని ముప్పై రోజుల్లో పంపండి" అని ప్రభుత్వం కాగితం పంపిందట. ఇరవై తొమ్మిది రోజులు నర్సింగం గారు పౌరహక్కుల గురించి దీర్ఘంగా ఆలోచించాడు. ముప్పయ్యో రోజు పొద్దున కంపెనీ రూల్ బుక్కు ముందర పెట్టుకొని, అందులో "కార్మికుడు" అని ఉన్న ప్రతి చోటా ఎర్రసిరాతో కొట్టేసి "ఫిర్యాదు" అని రాశాడు. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీలు గలగలమనే వేళకు పని పూర్తయింది.

ఇంత పకడ్బందీ నిబంధనలు రాష్ట్రంలో ఏ సంస్థా పంపలేదని మెచ్చుకుంటూ జవాబు వచ్చింది. ఆ జవాబు ఫ్రేములో ఇప్పటికీ గోడకు ఉంది. పక్కన రూల్ బుక్కు ఇనుప బీరువాలో ఉంది. ఇరవై అయిదేళ్ళుగా పౌరహక్కులన్నీ ఆ రెండింటి మధ్యన భద్రంగా ఉన్నాయి.

మా వైపు వాళ్ళకు మస్టర్ అంటే చెప్పనక్కర్లేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. కార్మికుడు డ్యూటీకి వచ్చి హాజరు వేయించుకుంటే ఒక మస్టర్ పడినట్టు. కొత్తగా చేరినవాడు బదిలీ వర్కర్. జనవరి నుంచి డిసెంబరు లోపల నూట తొంభై మస్టర్లు నింపితే పర్మనెంట్ అవుతాడు. నింపకపోతే కొత్త సంవత్సరం మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నర్సింగం గారి ఎర్రసిరా పుణ్యాన ఫిర్యాదులకూ అదే పద్ధతి. కొత్త ఫిర్యాదు బదిలీ ఫిర్యాదు. నూట తొంభై మస్టర్లు నిండాకనే అది పర్మనెంట్ ఫిర్యాదు. పర్మనెంట్ అయ్యాకనే విచారణ.

నేను ఫిర్యాదు పట్టుకొని పోయింది జనవరి రెండున. కౌంటర్లో మస్టర్ క్లర్కు బిక్షం ఉన్నాడు.

"అన్నా, ఒక ఫిర్యాదు ఇయ్యాలె."

"ఏం ఫిర్యాదు చెల్లె?"

"నా బిడ్డ మన్విత. నాలుగేండ్లది. అంగన్‌వాడికి పోతది. ఆడ ఊరోళ్ళ పిల్లలను నడుమ చాపేసి కూసోబెడుతరు. మా వాడ పిల్ల అని నా బిడ్డ ఒక్కదాన్ని తలుపు కాడ గోనెసంచి మీద కూసోబెడుతరు. అందరు బిందెల గ్లాసు ముంచుకొని తాగుతరు. నా బిడ్డకు ఆయమ్మ అంటకుంట పైకెళ్ళి దోసిట్ల పోస్తది. మేము ఎస్సీలమన్నా."

బిక్షం చాలా శ్రద్ధగా విన్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఫారం తీశాడు.

"ఎత్తు ఎంత?"

"నా బిడ్డదా?"

"ఫిర్యాదుది."

తొమ్మిదో తరగతితో బడి మానేసిన దాన్ని, పైతరగతుల్లో ఇవన్నీ నేర్పుతారేమో అనుకున్నాను.

"కాగితం ఒక జానెడు ఉంటదన్నా."

"జానెడు" అని రాసుకున్నాడు. "ఛాతి?"

"ఛాతి..."

"ఊపిరి పీల్చినప్పుడొకటి, విడిచినప్పుడొకటి చెప్పాలె. సరే, రెండూ జానెడే రాస్త తియ్. కంటిచూపు మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నదన్నా."

"ఫిట్. రేపు పొద్దుగాల ఏడింటికి ఫస్టు షిఫ్టుకు రా. మూడింటి దాక ఉండాలె. ఇగో, ఈ టోపి పెట్టుకోవాలె."

అది పసుపు రంగు హెల్మెట్. నిబంధన పదకొండు ప్రకారం ఏ ఫిర్యాదూ హెల్మెట్ లేకుండా ఆవరణలోకి రాకూడదు. నిబంధన పన్నెండు ప్రకారం బీడీలు, అగ్గిపెట్టెలు తేకూడదు. మొదటి రోజు నాకు తోడుగా వచ్చిన మా అత్తను గేటు దగ్గరే తనిఖీ చేశారు. బొడ్లో చుట్ట దొరికింది. ఆమెను అక్కడినుంచే వెనక్కి పంపించారు.

"హక్కులకు చుట్టతోని ఏం పనిరా?" అని ఆమె గేటు బయట నిలబడి అరిచింది.

"గ్యాసు అంటుకుంటదవ్వా" అన్నాడు బిక్షం ఎంతో మర్యాదగా.

ఆ ఆఫీసు కంపెనీ పాత క్వార్టర్లో ఉంది. గ్యాసు అంటే అక్కడ చాయ్ పెట్టే స్టవ్వు ఒక్కటే. కానీ జాగ్రత్త జాగ్రత్తే గదా.

అలా నా మస్టర్లు మొదలయ్యాయి. పొద్దున ఏడుకు పోయి, హెల్మెట్ పెట్టుకొని బెంచీ మీద కూర్చునేదాన్ని. మూడుకు లేచి వచ్చేదాన్ని. ఆదివారం ప్లేడే, అంటే సెలవు. అంగన్‌వాడి తొమ్మిదికి తెరుస్తారు కాబట్టి నా బిడ్డను మా అత్త తీసుకుపోయి దింపి వచ్చేది. నేను బెంచీ మీద కూర్చొని, బిడ్డ ఇప్పుడు గోనెసంచి మీద కూర్చుని ఉంటుందా, దాహం వేస్తే అడిగిందా, గుడ్డు ఆఖరుకు పెడితే చల్లారిపోయి ఉంటుందా అని గోళ్ళు కొరుక్కునేదాన్ని. గోళ్ళు కొరకడం నిషేధమని నిబంధనల్లో ఎక్కడా లేదు. ఆ స్వేచ్ఛ మాకుండేది.

మొదట్లో బెంచీ మీద పదకొండు మందిమి ఉండేవాళ్ళం. ఉగాదికి నలుగురం మిగిలాం. మే నెల ఎండలకు నేను ఒక్కదాన్నే. మిగతావాళ్ళకు కూలి పనులు, పొలాలు, కాన్పులు ఉన్నాయి. పదిరోజులు నాగా పెడితే ఫిర్యాదు పేరు కొట్టేస్తారు. కొట్టేస్తారే గాని తిరస్కరించరు, తేడా గమనించాలి. ఇరవై అయిదేళ్ళలో ఒక్క ఫిర్యాదూ నూట తొంభై దాకా రాలేదు. శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఒకాయన మాత్రం ఒకసారి నూట ఎనభై ఎనిమిది దాకా వచ్చాడట. అంతలో డిసెంబరు ముప్పై ఒకటి వచ్చేసింది. ఆయన గురించి చెప్పేటప్పుడు బిక్షం ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతాడు.

జూలైలో నర్సింగం గారు చరిత్ర పుస్తకం రాయడానికి కూర్చున్నాడు. "ఆవిర్భావం" అనే అధ్యాయం నలభై పేజీలు వచ్చింది. "నిబంధనలు" అరవై పేజీలు. "చైర్మన్ జీవిత విశేషాలు" ఎనభై పేజీలు, ఫోటోలు వేరే. "విజయాలు" అని పేరు పెట్టుకొని మూడు రోజులు పెన్ను పట్టుకొని కిటికీలోంచి చూశాడు. నాలుగో రోజు ఆ చూపు బెంచీ మీద ఉన్న నా మీద పడింది.

"బిక్షం! ఆ పసుపు టోపి ఎవరిది?"

"బదిలీ ఫిర్యాదు సార్. అంగన్‌వాడి కేసు."

"ఎన్ని మస్టర్లు?"

బిక్షం రిజిస్టర్ తిప్పి, రెండుసార్లు లెక్కపెట్టి, లేచి నిలబడ్డాడు. "నూట డెబ్భై ఒకటి సార్."

నర్సింగం గారు కూడా లేచి నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ నిలబడితే నేనూ నిలబడ్డాను. ముగ్గురం కాసేపు అలాగే నిలబడ్డాం. ఎందుకో నాకు తెలియలేదు గాని చాలా గంభీరంగా ఉంది. గోడ మీది క్యాలెండర్ చూసి వేళ్ళు మడిచి, ఆయనన్నాడు:

"ఆదివారాలు పోతే ఇరవై ఎనిమిది నాటికి కరెక్టుగ నూట తొంభై. అమ్మా, నీ పేరేంది?"

"రాజకుమారి సార్."

"పేరు సుత ఎంత బాగున్నదో!"

ఆ రోజు నుంచి నాకు జరిగిన మర్యాద నా పెండ్లిలో కూడా జరగలేదు. పొద్దున జీపు మా సందు చివరికి వచ్చేది. బెంచీ మీద దిండు వేశారు. చాయ్‌తో పాటు బిస్కెట్లు పెట్టారు. పాత హెల్మెట్ తీసుకొని కొత్తది ఇచ్చారు. ఒక రోజు నాకు జ్వరం వస్తే రిజిస్టరే జీపు ఎక్కి మా ఇంటికి వచ్చింది. నేను నుదుటి మీద తడిగుడ్డ వేసుకొని, దాని మీద హెల్మెట్ పెట్టుకొని, మంచంలోనే సంతకం చేశాను. మా ఆయన ప్రశాంత్ ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు లేబర్. ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నా ఆయన ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆయన గుమ్మంలో నిలబడి నన్ను చూసి, "నాకంటె ముందుగాల నీ కాగితమే పర్మనెంట్ అయితుందే" అన్నాడు. అసూయ కాదు, గర్వమే.

ఇంతలో ఒక చిన్న పొరపాటు జరిగింది. ఎనిమిది నెలల శ్రమ బూడిదలో పోసే పొరపాటు. అది మా అత్త వల్ల జరిగింది.

నూట ఎనభై ఆరో మస్టర్ వేసుకొని ఇంటికి వచ్చేసరికి, ఆమె గడప మీద కూర్చొని మన్వితకు జడ వేస్తోంది. బిడ్డ ముఖం కళకళలాడుతోంది.

"రాజీ, నీకు చెప్పుడు మర్శిన. మనుమరాలు నాలుగొద్దులాయె, నడుమలనే కూసుంటాంది" అంది మా అత్త.

"ఎక్కడ నడుమ?"

"ఎక్కడేంది, అంగన్‌వాడిల. చాప మీద."

"ఎట్లత్తా? ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? పిల్లను దింపిరాబోతి. మోకాళ్ళు నొస్తున్నయని నడుమ చాప మీద కూలబడ్డ. పిల్ల నా ఒళ్ళె కూసున్నది. ఆ ఆయమ్మ శోభ వచ్చి, 'జర జరుగవ్వా' అన్నది. 'లేవస్తలేదు బిడ్డా, మోకాళ్ళు పట్టుకున్నయ్. నువ్వే లేపు' అన్న. లేపాలంటే నన్ను పట్టుకోవాలె గద! అది ఇటు చూసింది, అటు చూసింది. ఊకున్నది."

"నీళ్ళు?"

"దూపైతే గ్లాసు ముంచుకొని తాగిన. అందరం కలిసి బిందె దిక్కు చూసినం. బిందెకేం కాలే. తెల్లారి శోభనే, 'నాకేం లేదవ్వా, మా అత్తకు భయపడి గట్ల చేసిన' అని పిల్లకు గ్లాసు ఇచ్చింది. ఇప్పుడు పిల్లలందరు కథ చెప్పుమని నా చుట్టే కొట్లాట."

నేను బిడ్డను ఎత్తుకొని ఏడ్చాను, నవ్వాను. అప్పుడైనా నాకు తెలివి ఉండాల్సింది. మర్నాడు పొద్దున నూట ఎనభై ఏడో మస్టర్ వేసుకుంటూ, సంతోషం ఆపుకోలేక బిక్షంతో అనేశాను.

"అన్నా, మంచి ముచ్చట. నా సమస్య తీరింది."

బిక్షం పెన్ను ఆగిపోయింది. "తీరిందా? ఎవరినడిగి తీరింది?"

రెండు నిమిషాల్లో నేను చైర్మన్ గారి గదిలో ఉన్నాను. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మూడొద్దులు! ఇంక మూడొద్దులు ఓపిక పట్టలేకపోయినవా తల్లీ?"

"నేను తీర్చలే సార్. మా అత్త..."

"మీ అత్తకు ఈడ మస్టర్ ఉన్నదా?"

"లేదు సార్. చుట్ట దొరికిందని గేటు కాన్నే వాపస్ తోలిండ్రు."

"సూశినవా బిక్షం! బయటి మనిషి, హెల్మెట్ లేదు, ట్రెయినింగ్ లేదు, వచ్చి మన డిపార్టుమెంటు పని చేసి పోయింది! ఇదే బొగ్గుబాయిల అయితే ఏమైతుండె?"

"సస్పెన్షన్ సార్" అన్నాడు బిక్షం.

నర్సింగం గారు బీరువా తీసి కార్యక్రమ పత్రం చూపించాడు. రంగుల్లో అచ్చు వేయించారు. ఇరవై ఎనిమిది, ఉదయం పది గంటలకు మంత్రిగారు అంగన్‌వాడిని సందర్శిస్తారు. పది గంటల అయిదు నిమిషాలకు తలుపు దగ్గర గోనెసంచి మీద ఉన్న చిన్నారిని స్వహస్తాలతో ఎత్తి చాప మీద కూర్చోబెడతారు. పదీ పదికి ఫిర్యాదుదారుకు పర్మనెంట్ ఉత్తర్వు. పదిన్నరకు పుస్తకావిష్కరణ. పదకొండుకు టిఫిన్లు.

"నువ్వే చెప్పమ్మా. పిల్ల నడుమల ఉంటె మంత్రిగారు ఎక్కడికెళ్ళి ఎక్కడికి ఎత్తుతడు?"

నేను పత్రంలో పదీ అయిదు దగ్గర మళ్ళీ చదివాను.

"ఒక్క పొద్దు. ఐదు నిమిషాల పని. పిల్లను తలుపు కాడ కూసోబెట్టు. ఎట్లాగూ ఎత్తుతరు గద! లేకుంటే నీ ఫిర్యాదు అబద్ధమైతది. ప్రభుత్వ సంస్థకు అబద్ధం చెప్పినవని కేసు నీ మీదనే అయితది. నీ ఇంటాయన కాంట్రాక్టు పని కాయితం సుత ఎవరన్న చూస్తరు. నేను చూడ, ఎవరన్న చూస్తరంటున్న."

ఆయన బెదిరించలేదు. నా మంచి కోసం ముందుగానే చెప్పాడు, అంతే.

ఆ రోజు సాయంత్రమే జీపులో శాలువా తీసుకొని మా అత్తను ఒప్పించడానికి కూడా వచ్చాడు. అంత పెద్దమనిషి మా ఇంట్లో నులకమంచం మీద కూర్చొని, పౌరహక్కుల చరిత్రలో త్యాగాల గురించి పావుగంట మాట్లాడాడు. మా అత్త శాలువా అంచు వేళ్ళతో పట్టి చూస్తూ అంతా విన్నది.

"మంచిగ చెప్పినవు సారూ. మరి నీ మనుమరాలిని కూసోబెట్టరాదు, ఐదు నిమిషాలు?"

"నా మనుమరాలు హైదరాబాద్‌ల ఇంటర్నేషనల్ స్కూల్ల సదువుతదవ్వా. ఆడ అన్ని అద్దాల తలుపులే. తలుపెక్కడున్నదో నాకే ఎరుక కాదు."

మా అత్త శాలువా మడిచి ఆయన ఒళ్ళో పెట్టింది. "చలికాలం రానియ్ సారూ, అప్పుడు చూద్దాం."

ఆమెకేం, ధైర్యం. భయమంతా నాకే. ఆ రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. కేసు అంటే ఏమవుతుంది, పోలీసులు ఇంటికి వస్తారా, ప్రశాంత్ పని పోతే ఇల్లు ఎలా గడుస్తుంది, రేపు బిడ్డకు బడిలో సీటు ఇవ్వరేమో. ప్రశాంత్‌ను అడిగితే, "నువ్వెట్లంటే గట్లనే" అన్నాడు. ఆ మాట వినడానికి ప్రేమగానే ఉంది గాని దాన్ని పట్టుకొని ఏం చేయాలో తెలియలేదు. అయిదు నిమిషాలే గదా, దానికేం తెలుసు, చిన్నపిల్ల, ఆట అనుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఒప్పుకున్నాను.

ఇరవై ఏడున అంగన్‌వాడిలో రిహార్సల్. నూట ఎనభై తొమ్మిదో మస్టర్ నాకు అక్కడే వేశారు. నర్సింగం గారు మంత్రిగారి పాత్రలో నిలబడ్డాడు. బిక్షం ఫోన్‌తో ఫోటోలు తీయడానికి నిలబడ్డాడు. ఆయమ్మ శోభ మూలకు పడేసిన గోనెసంచి దులిపి తలుపు దగ్గర పరిచింది. పరిచి, నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

మన్విత చాప మీద పిల్లల మధ్య ఆడుకుంటోంది. గోనెసంచి పరవడం చూసింది. నేను ఇంకా ఒక్క మాటా చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నా బిడ్డ తనంతట తాను లేచి, పోయి ఆ సంచి మీద కూర్చుంది. కూర్చొని, నీళ్ళ కోసం రెండు చేతులూ దోసిలి పట్టి పైకి చూసింది.

"అబ్బబ్బ! ఎంత తెలివైన పిల్ల! ఏం చెప్పకుంటనే!" అని నర్సింగం గారు చప్పట్లు కొట్టాడు. "బిక్షం, దోసిలి పడ్డదా ఫోటోల?"

"పడ్డది సార్."

ఇరవై ఎనిమిది పొద్దున ఆరుంబావుకు నేను బిడ్డను తీసుకొని బస్సెక్కాను. మా అమ్మగారి ఊరు గోలేటి. ఫోన్ ఇంట్లోనే వదిలేశాను. కొత్త హెల్మెట్ గుమ్మం పక్కన మేకుకు తగిలించి పోయాను, ప్రభుత్వ ఆస్తి గదా. దారి పొడవునా బిడ్డ కిటికీ దగ్గర కూర్చొని బొగ్గు లారీలు లెక్కపెట్టింది. దానికి పదకొండు దాకానే వచ్చు కాబట్టి పదకొండు తర్వాత మళ్ళీ ఒకటి. నాకేమో బస్సు వెనకాల జీపు వస్తున్నట్టే ఉంది. ప్రతి స్టేజీలోనూ తల తిప్పి చూశాను. చరిత్ర పుస్తకం ఆగిపోతుంది, మంత్రిగారు వెనక్కి పోతారు, అంత పెద్దమనిషి నా వల్ల నలుగురిలో తలదించుకుంటాడు. నా వల్ల, నా ఒక్క నాగా వల్ల. గోలేటిలో రెండు రోజులు ఉన్నా నాకు ఆ దిగులే.

నా దిగులు అనవసరమని ముప్పయ్యో తారీఖున, తిరుగు బస్సు దిగి స్టాండులో నిన్నటి పేపరు చూసినప్పుడు తెలిసింది. సంస్థలు మనుషుల మీద ఆధారపడి నడవవు. నేను లేకపోయినా సభ దిగ్విజయంగా జరిగింది. మొదటి పేజీలో సగం ఫోటోనే. మంత్రిగారు గోనెసంచి మీది నుంచి ఒక పాపను రెండు చేతులా ఎత్తుతున్నారు. పాప నోరంతా తెరిచి ఏడుస్తోంది. పక్కన పసుపు హెల్మెట్ పెట్టుకున్న ఒక ఆడమనిషి పర్మనెంట్ ఉత్తర్వు పట్టుకొని దండం పెడుతోంది. కింద "వివక్ష నుంచి విముక్తి పొందిన చిన్నారి మన్విత, తల్లి రాజకుమారి" అని ఉంది.

ఫోటో దగ్గరికి పెట్టుకొని చూశాను. హెల్మెట్ కింద ఉన్నది ఆయమ్మ శోభ. ఏడుస్తున్నది ఆమె బిడ్డ.

ఇంటికి పోయి చేతులు కడుక్కునే లోపలే శోభ వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అక్కా, నన్నేం చెయ్యమంటవు? తొమ్మిదిన్నర దాక నువ్వు రాకపోతివి. చైర్మన్ సార్ నా దిక్కు చూసి, 'కూసోబెట్టుటానికి నీకు బాగొస్తది గద, నీ పిల్లనే కూసోబెట్టు. లేకుంటె నీ కొలువు ఉండది' అన్నడు. టోపి మీ అత్త కాడ తెచ్చిండ్రు."

"నేనే ఇచ్చిన. వాళ్ళ వస్తువ, వాళ్ళకు ఇచ్చిన" అంది మా అత్త లోపలి నుంచి.

"ఐదు నిమిషాలే కూసున్నదక్కా" అని శోభ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఐదు నిమిషాలే. రాత్రంత నిద్రల ఉలికిపడ్డది. 'నన్నెందుకు తలుపు కాడ కూసోబెట్టినవే' అని అడుగుతాంది. మా అత్త నన్ను ఇంట్లకు రానిస్తలేదు. మా మనుమరాలిని పేపర్ల తలుపు కాడ కూసోబెడుతవా అని."

ఎనిమిది నెలలుగా ఈమె మీద ఏమేం అనాలో బెంచీ మీద కూర్చొని చాలా అనుకున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు. కుర్చీ జరిపాను. ఆమె కూర్చుంది. కాసేపటికి ముక్కు తుడుచుకొని, చిన్నగా అడిగింది.

"అక్కా, నేను సుత ఫిర్యాదు పెడుత. ఎన్ని మస్టర్లు పడాలె?"

జవాబు చెప్పేలోపల సందు చివర జీపు ఆగింది. బిక్షం దిగాడు. చేతిలో రెండు కవర్లు ఉన్నాయి. ఒకటి చరిత్ర పుస్తకం, మూడు వందల పేజీలు, గట్టి అట్ట. "విజయాలు" అధ్యాయం ఒక పేజీ. అందులో నూట తొంభయ్యో మస్టర్ ఎదురుగా నా సంతకం ఉన్న రిజిస్టర్ ఫోటో ఉంది. పుస్తకం అచ్చుకు పోకముందే నా సంతకం నాకంటే చక్కగా బిక్షమే చేశాడు.

రెండో కవర్లో చార్జిషీటు. నా పేరు మీదే. ఒకటి, అనుమతి లేకుండా ఇరవై ఎనిమిదో తారీఖున నాగా పెట్టుట. రెండు, పైఅధికారులకు తెలుపకుండా సొంతంగా సమస్య తీర్చుకొనుట. మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

"అన్నా, ఆ రోజు నాకు మస్టర్ పడ్డది గద. మరి నాగా ఎట్లయింది?"

"మస్టర్ రిజిస్టర్ నాది. చార్జిషీటు రిజిస్టర్ వేరే" అన్నాడు బిక్షం. ఆయన ముఖం వెలిగిపోతోంది. నా చేత రెండు చోట్ల సంతకం పెట్టించుకొని, వెళ్ళబోతూ ఆగి, లోగొంతుతో చెప్పాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. సంతోషపడు. ఇరవై అయిదేండ్లల మా ఆఫీసు యాక్షన్ తీసుకున్న మొదటి కేసు నీదే. సార్ మస్తు ఖుషీగున్నడు. రెండో ముద్రణల 'విజయాలు' ఇంకో పేజీ పెరుగుతదట. నీ ఫోటో అడిగిండు."

మంచి ఫోటో నా దగ్గర లేదు. రేపు ఫోటో స్టూడియోకు పోవాలి. మా అత్త నీలం చీర కట్టుకొమ్మంటోంది, శోభ ఆకుపచ్చది బాగుంటుందంటోంది.